పచ్చ చీర పేరంటాలు

నా జన్మలో నేను ఒకే ఒక్క మనిషిని చంపాను, అదీ నోటితో. ఆ మనిషికి కట్టిన గూడు, మోకాలెత్తు ఇటుకలది, తిరువళ్లూరులో మేము కాపురమున్న వీధి చివర చిన్న పార్కులో ఇప్పటికీ నిలిచి ఉంది. మొన్న ఆడి నెలలో, అంటే తమిళుల ఆషాఢంలో, ఒక సర్టిఫికెట్టు నకలు కోసం ఆ ఊరు వెళ్లాను. ఆఫీసులో గుమాస్తా భోజనానికి లేచి వెళ్లిపోయాడు. పొద్దు గడవక కాళ్లు అటు తీసుకెళ్లాయి. పార్కులో ఉయ్యాల మారింది, ప్లాస్టిక్ జారుడుబల్ల వచ్చింది, గోడ మీద తమిళంలో పెద్ద బోర్డు వచ్చింది. గూట్లో మాత్రం అదే రుబ్బురోటి పొత్రం. ఒంటినిండా పసుపు పూసుకుని, కుంకుమ పెట్టుకుని, మడత విప్పని పచ్చ చీరను ముందు పెట్టుకుని, ఇన్నాళ్లకు వచ్చావా అన్నట్టు నిలబడి ఉంది.

ఉయ్యాలలో బిడ్డను ఊపుతున్న ఒక పడుచు తల్లి నన్ను చూసి, "మొక్కుకోండి ఆంటీ, మంచిది" అంది. "తెలుగోళ్లు పేరంటాలంటారు, మా పక్కింటోళ్లు పూవాడైకారి అంటారు. ఈ జాగాలో కాపురముండిన ఆమెంట. బావిలో పడి పోయిందంట. టైపు నేర్చుకునే అమ్మాయి ఎవురో పోతా ఉంటే పట్టపగలు పచ్చ చీరలో కనపడి, నా జాగా శుభ్రం చెయ్యండి అనిందంట."

ఆ టైపు నేర్చుకునే అమ్మాయిని నేను. బావిలో పడ్డదీ, పచ్చ చీరా, పట్టపగలూ అన్నీ నేను అల్లినవే. నా మాటల్లో సగం తీసేసి నమ్మాలని మా వాళ్లందరికీ తెలుసు. టైపు క్లాసుకు ఆలస్యమైతే, గూడ్సు కింద పడిన మేక లేచి దులుపుకుని వెళ్లేదాకా గేటు తియ్యలేదు సార్ అని చెప్పి మాస్టారు చేత నీళ్లు తాగించిన దాన్ని. యాభై దాటినా ఆ గుణం పోలేదు. కానీ ఇప్పుడు రాయబోయే దాంట్లో తీసెయ్యడానికి ఏమీ లేదు.

మేము ఉండింది అయిదు కాపురాల వరసింట్లో మూడో వాటా. ముందు ఒక గది, వెనక వంటిల్లు, మధ్యలో అవ్వ మంచం. నాయనది రైల్వే పార్సిలు ఆఫీసులో పని. ఆయన ఇంటికొస్తే ఆ రోజు ఏ బుట్టలు బండెక్కాయో చొక్కా వాసనను బట్టి చెప్పేవాళ్లం. మల్లెపూలైతే అమ్మ ఏమీ అనేది కాదు, కోళ్లైతే గుమ్మంలోనే చొక్కా విప్పించేది. అవ్వ దగ్గర ఆముదం, తమలపాకు, కాస్త ముక్కుపొడి కలిసిన వాసన. ఆమె పుట్టింటి చేను పూండి చెరువు కట్టినప్పుడు నీళ్ల కింద పోయింది. ఆ సంగతి ఏడుస్తూ చెప్పేది కాదు, పోగొట్టుకున్న చెంబు గురించి చెప్పినట్టు చెప్పేది. కానీ పొద్దున లేవగానే వరసింటి సిమెంటు నేల మీద పాదం పెట్టి, "థూ, దీని మీద నడిస్తే కాలికి ఏమీ తెలీదు" అని తిట్టేది. కుండ పెంకులో గుప్పెడు మట్టి పోసి మెంతికూర వేసేది. ఎండ చాలక అది పసుపుపచ్చగా లేచి పడిపోయేది. రోజూ సాయంత్రం, "ఒక మూరెడు మట్టి చూపించురా అబ్బోడా, అంత చాలు నాకు" అని నాయనను అడిగేది, కాఫీ అడిగినంత మామూలుగా.

మట్టి వీధి చివరే ఉంది. చెంగల్రాయ నాయుడి పాడుజాగా. నా చిన్నతనంలో అక్కడ పెంకుటిల్లు ఉండేదట. ఆయన పెళ్లాం వల్లెమ్మ ఒకనాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. అప్పుడు నాకు అయిదేళ్లు. ముఖం గుర్తులేదు, గోడ మీదుగా వేయించిన శనక్కాయలు అందించే ఒక చెయ్యి మాత్రం గుర్తుంది. తన తల్లి పోయాక నాయుడు తిరుత్తణిలో తమ్ముడి ఇంటికి మారాడు. మారుతూ ఇంటికి తాళం వెయ్యలేదు. ఆమె వస్తే తాళంచెవి కోసం ఎక్కడ తిరుగుతుంది అన్నాడట. తెరిచిన ఇంటికి ఏం జరుగుతుందో అదే జరిగింది. తలుపులు పోయాయి, వాసాలు పోయాయి, పెంకులు పోయాయి. గోడల్ని వానలు తీసుకున్నాయి. ఎవరూ ఎత్తలేని రుబ్బురోలూ, సగం పూడిన బావీ, ఒక వేపచెట్టూ మిగిలాయి. ఆపైన వీధి మొత్తం తన చెత్తను అక్కడికి చేర్చింది. పందులు కాపురం పెట్టాయి.

నాయనకు అక్కడ పార్కు చెయ్యాలని పుట్టింది. పార్కు అన్న మాట ఆయన మద్రాసులో నేర్చుకున్నాడు. ఆడవాళ్లు సాయంత్రం కూర్చోవడానికి బెంచీ, నాలుగు పూలచెట్లు, పిల్లలకు ఉయ్యాల. అవ్వకు మూరెడు మట్టి అన్నది పైకి చెప్పేవాడు కాదు. ఆదివారం పూట నలుగురిని పోగేసి పారలతో దిగేవాడు. సోమవారం పొద్దుటికి మళ్లీ అరటాకులూ, బూడిదా, మా వీధి కన్నెమ్మక్క చేపలు కడిగిన నీళ్లూ. "ఎవురి జాగా అన్నా అది? ఓనరు ఒప్పుకుంటే నేనూ పార పడతా" అనేది కన్నెమ్మక్క, నడుము మీద చెయ్యి పెట్టి.

అందుకని నాయన నన్ను వెంటబెట్టుకుని తిరుత్తణి వెళ్లాడు. అరక్కోణంలో బండి మారాలి. గుడి ఉన్న కొండకు వెళ్లే జనం పూలబుట్టలతో పెట్టెను నింపేశారు. నాయుడు ఇంటి అరుగు మీద కూర్చుని కొండకు వెళ్లేవాళ్ల కావడికి పూలు కట్టి ఇస్తున్నాడు. బక్క మనిషి, మెత్తటి గొంతు. నాయన చెప్పిందంతా విని మాకు మజ్జిగ ఇప్పించాడు. ఆ తర్వాత అన్నాడు: "తప్పుగా అనుకోవద్దు తమ్ముడా. ఆ జాగా అట్లనే ఉండనీ. ఇల్లు ఎట్లాగూ పోయింది. చెట్లూ బెంచీలూ పెట్టేస్తే ఆమె వచ్చినప్పుడు గుర్తుపట్టద్దా? ఇది యాడో వేరే వీధి అనుకొని మళ్లీ పోతాది."

"పదమూడేండ్లయింది కదన్నా" అన్నాడు నాయన.

"అవును. అందుకే, ఇంగ వచ్చే పొద్దు" అన్నాడు ఆయన, పువ్వు మీద నుంచి కన్ను ఎత్తకుండా. వీధి తలుపుకు గడియ లేదని నేను గమనించాను. ఇక్కడ కూడా తీయించేశాడట.

 ఇంటికొచ్చాక అవ్వ నాయన ముఖం చూసి మెంతికూర పెంకును మంచం కిందికి తోసేసింది. నాకు కోపం వచ్చింది, రాని మనిషి కోసం పందులను మేపుతున్న ఆ నాయుడి మీద. మరునాడు వీధి కొళాయి దగ్గర, బిందెల వరసలో, నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మొన్న మిట్టమధ్యాహ్నం క్లాసు నుంచి వస్తా ఉంటే ఆ బావికాడ ఒకామె నిలబడుండె. పచ్చ చీర. తల తడిసుండాది. ఎవురక్కా అని అడిగితే, వల్లెమ్మని, ఆ పొద్దు నుంచి నేను యాడికీ పోలేదు, ఈడనే ఉండాను, నా మీద ఎంగిలాకులు ఎందుకు వేస్తా ఉండారు అనింది."

"మేక దులుపుకొని లేచిన కథ మాదిరేనా ఇది?" అంది కన్నెమ్మక్క.

"నమ్మొద్దులే అక్కా. నువ్వు చేపల నీళ్లు పోస్తానే ఉండు. ఆమే చూసుకుంటాది."

అబద్ధం చెప్పేవాళ్లకు ఒక రహస్యం తెలియాలి, ఎదుటివాళ్ల కంటే ముందు తామే దానికి భయపడాలి. చెబుతూ చెబుతూ నేనే వీధి చివరకేసి తిరిగి చూశాను. నిజంగానే భయమేసింది. రెండు రోజులకు కన్నెమ్మక్క ఆ జాగాలో జారి చీలమండ మెలిపెట్టుకుంది. అంతే. మా ఇళ్లల్లో తాళితో పోయిన ఆడమనిషి పేరంటాలవుతుంది. ఏటా ఆమె పేర కొత్త చీర పెట్టి మొక్కుతారు, తర్వాత ఆ చీర ఇంట్లో ఆడపిల్ల కట్టుకుంటుంది. పేరంటాలున్న చోటు ఇంటి నట్టిల్లు లాంటిది, అక్కడ ఉమ్మి కూడా వెయ్యరు. మొగుడు బతికున్నాడు, ఆమె పోయింది, ఇంకేం కావాలి? శుక్రవారానికల్లా ఎవరో పొత్రాన్ని రోట్లోంచి తీసి నిలబెట్టి పసుపు పూశారు. బావిలో దిగి ఎముకలు చూద్దామన్నారు మగవాళ్లు. పేరంటాలు ఎముకలు మిగల్చదని నేను చెప్పాను. అందరూ తలలూపారు. చెత్త ఆగిపోయింది. పందులు కూడా ఏమనుకున్నాయో ఏమో, వేరే వీధి చూసుకున్నాయి.

ఆ మాట కాలినడకన పోయినట్టు మెల్లగా ఊరు దాటి, వారం తిరిగేసరికి తిరుత్తణి చేరింది. ఒక పొద్దున నాయుడు వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం, అందులో పచ్చ చీర. రంగు కూడా విని వచ్చాడు. చీరను పొత్రం ముందు పెట్టి నిలబడ్డాడు. వీధి అంతా వచ్చింది, నాయన కూడా. నాయుడు నన్ను పిలిపించి, అందరూ వింటుండగా, చిన్న గొంతుతో అడిగాడు.

"నన్ను అడిగిందా బిడ్డా?"

అక్కడ ఆపి ఉండొచ్చు. నేను చూడలేదు పెదనాయనా, సుమ్మా, ఊరికే చెప్పినాను అంటే సరిపోయేది. నాలుగు తిట్లతో ముగిసేది. నాయన నా వైపు చూడలేదు. వేపచెట్టు కొమ్మలకేసి చూస్తున్నాడు. అవ్వ కట్టెపుల్లతో మట్టిని మెల్లగా గీస్తోంది.

"అడిగింది పెదనాయనా" అన్నాను. "ఇంగ ఎదురుచూడొద్దని చెప్పమనింది."

ఆయన తలూపాడు, వచ్చిన జవాబు సరిగ్గా తాను పంపిన ఉత్తరానికే అన్నట్టు. ఆ వారమే ఆమెకు కర్మ చేయించాడు. జాగా మొత్తం, కాలం చేసిన తన భార్య వల్లెమ్మ పేరు మీద వీధి వాళ్లకు పార్కుగా వదిలేస్తున్నానని కాగితం రాయించి వేలిముద్ర వేశాడు.

ఆ తర్వాతి నెలలంత సంతోషంగా మా వీధి ఎప్పుడూ లేదు. బావి పూడ్చారు. ఇటుకల్ని ఏటవాలుగా, మూలలు పైకి వచ్చేట్టు పాతి సున్నం కొట్టారు. నాయన ఎక్కడినుంచో రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్క తెచ్చి బెంచీ వేశాడు. దాని తారు వాసన ఎండాకాలమంతా చీరలకు అంటుకునేది. కన్నెమ్మక్క మొగుడు మేస్త్రీ, గూడు కట్టింది ఆయనే. రంగురంగుల క్రోటన్ల మధ్య అవ్వ గుట్టుగా వంగ నారు పోసింది. నాయన, "అమ్మా, ఇది పార్కు" అంటే, "పార్కులో ఉండే వాళ్లు కూడు తినరా?" అంది. చెప్పులు విప్పి, మట్టిలో రెండు కాళ్లూ పూడ్చుకుని, గంటలు గంటలు కూర్చునేది. ఆ పాదాలు చూసినప్పుడల్లా నేను చేసింది మంచిపనే అనుకునేదాన్ని.

అట్లాంటి ఒక మధ్యాహ్నం, పార్కు అయ్యాక రెండో ఆడి నెలలో, బెంచీ మీద కూర్చుని టైపు పుస్తకం తిరగేస్తుంటే నలభై ఏళ్ల ఆడమనిషి ఒకతె చేతిసంచితో వచ్చి పక్కన కూర్చుంది. దుమ్ము కొట్టుకున్న ముఖం, బస్సు దిగి వచ్చినట్టుంది. చుట్టూ చూసి, గూటి దగ్గర చూపు ఆపి, "ఎవరమ్మా ఈమె?" అంది. కొత్త మనిషి దొరికితే నేను ఊరుకుంటానా! మొదటినుంచి చెప్పాను. అప్పటికి కథ బాగా పెరిగింది. తడిసిన జుట్టులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడి ఇసకలో మల్లెమొగ్గలు మొలిచాయని కూడా చెప్పాను. ఆమె మధ్యమధ్యలో ఊ కొడుతూ వింది.

"పచ్చ చీరేనా? బాగా చూసినావా?"

"చూడకేం అక్కా. చిలకపచ్చ."

"నాకు పచ్చ అచ్చిరాదని మా అమ్మ ఎప్పుడూ కట్టనియ్యలేదే" అంది ఆమె.

నాకు అర్థం కాలేదు. ఆమె లేచి గూటి దగ్గరకు వెళ్లి, పొత్రం అడుగున పసుపు గోటితో గీకింది. పెచ్చు ఊడిన చోటు బయటపడింది. తర్వాత చెప్పులోంచి ఎడమ కాలు తీసి చూపించింది. బొటనవేలి గోరు లేదు. "ఇది నా కాలి మీద పడిన పొద్దు ఊడింది ఈ పెచ్చు. మా అత్త రాయి పోయిందని ఏడ్చింది."

 ఏ నోటితో అయితే అన్నీ చేశానో ఆ నోటిని చేత్తో మూసుకున్నాను. అవ్వ వంగచెట్ల దగ్గరనుంచి లేచి వచ్చింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూసింది. "వల్లెమ్మా" అంది, నిన్న కనిపించిన మనిషిని పలకరించినట్టు. "అన్నం తిన్నావా?"

"తినలేదత్తా."

ఇంట్లో నేల మీద కూర్చుని మజ్జిగన్నం తింటూ చెప్పింది. పొన్నేరిలో ఒక హాస్టల్లో వంట చేస్తోంది. "ఆయన కొట్టింది లేదు, తిట్టింది లేదు. వాళ్లమ్మ గొడ్రాలని నన్ను అంటా ఉంటే, పక్కన కూచొని వింటా తినేవాడు. ఆ తినే శబ్దం నాకు పడలేదత్తా. అంతే." తన అత్త పోయిందని ఈ మధ్యే తెలిసిందట. ఆయన తాళం వెయ్యకుండా వెళ్లాడనీ తెలిసిందట. "అడిగి పోదామని వచ్చినా. రమ్మంటే ఉందామని. వచ్చి చూస్తే నేను చచ్చిపోయి ఉండాను." నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "కర్మ కూడా చేసినాడా?"

"చేసినాడు" అంది అవ్వ.

"కర్మ చేసిన ఇంటి గుమ్మం నేనుగా ఎట్ల ఎక్కేది? ఆయనే వచ్చి పిలవాల." నా వైపు తిరిగింది. తిట్టలేదు. "మాటలు బాగా చెప్తావు కదమ్మా. పోయి ఈ ఒక్క మాట కూడా చెప్పు. బతికుండానని చెప్పు. పొన్నేరిలో ఉండానని చెప్పు. ఆపైన ఆయన ఇష్టం."

పోయే ముందు అవ్వ గూట్లోని పచ్చ చీర తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఆయన తెచ్చి పెట్టిందే. ఇంకెవురిదమ్మా ఇది, నీదే కదా." వల్లెమ్మ ఆ మడతను కాసేపు నిమిరింది. "ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయన చేత్తో ఒక్క చీర కొనియ్యలేదత్తా" అని, సంచిలో పెట్టుకుని బస్సు వేళకు వెళ్లిపోయింది.

మరునాడే అవ్వ నన్ను తిరుత్తణికి తరిమింది. ఒంటరిగా వెళ్లాను. దారి పొడవునా ఆ ఒక్క వాక్యాన్ని వల్లించుకున్నాను. పెదనాయనా, ఆమె బతికుంది. నాయుడు అదే అరుగు మీద, అదే పూలు. కానీ ఒళ్లు చేశాడు. వీధి తలుపుకు కొత్త ఇత్తడి గడియ మెరుస్తోంది. "చూసినావా బిడ్డా" అన్నాడు. "ఇప్పుడు తలుపేసుకొని పడుకుంటా ఉండా. ఇన్నేండ్లకి నిద్ర పడుతుండాది. నువ్వు ఆ మాట చెప్పకపోయింటే ఆకు కదిలినా లేచి కూచుంటా ఉండేవాణ్ణి." నా తలమీద చెయ్యి పెట్టాడు. "ఏం పని మీద వచ్చినావు?"

చెబితే ఆ నిద్ర పోతుంది. వీధి అంతా నన్నేమంటుంది? నాయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? చచ్చిన మనిషి పేరు మీద రాసిన కాగితం చెల్లుతుందా? అవ్వ కాళ్లు మళ్లీ సిమెంటు మీదికి వస్తాయా? ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని ఇప్పుడు రాసుకుంటున్నాను. నిజానికి ఏమీ ఆలోచించలేదు, భయపడ్డాను.

"సుమ్మా వచ్చినా పెదనాయనా. కొండెక్కి సామిని చూసి పోదామని" అన్నాను. కొండ కూడా ఎక్కలేదు. నిజం నాతోపాటే టికెట్టు కొనుక్కుని వెళ్లి, నాతోపాటే తిరిగి వచ్చింది.

గుమ్మంలో అవ్వ ఎదురుచూస్తోంది. "చెప్పినావా?"

"చెప్పినా. ఆయన వద్దన్నాడవ్వా. జరిగిందేదో జరిగింది, రావద్దని చెప్పు అన్నాడు."

అవ్వ నన్ను చూసింది. నా అబద్ధాలను ఉయ్యాల్లోనుంచి ఎరిగిన మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం నమ్మింది. ఆమెకు చదువు రాదు. "అట్లయితే కార్డు రాయి, పాపం కాసుకొని ఉంటాది" అంది. నేనే రాశాను. ఆయన రావద్దన్నారు, అని గుండ్రటి అక్షరాలతో. ఆ కార్డుకు జవాబు రాలేదు. మూడేళ్లకు నాయుడు నిద్రలోనే పోయాడు, తలుపు గడియ వేసుకుని. ఆ మరుసటి ఏడు అవ్వ పోయింది, పాదాలకు మట్టితో. నాకు పెళ్లయి ఊరు మారింది. వల్లెమ్మ సంగతి నేను మళ్లీ కనుక్కోలేదు. పొన్నేరి ఏమంత దూరం? అయినా ఆ పేరున్న బస్సు ఎదురైతే ఇప్పటికీ తల తిప్పుకుంటాను.

ఇప్పుడు తిరువళ్లూరులో అట్లాంటి ఖాళీ జాగా వెతికినా దొరకదు. మా వరసిల్లు పోయి మూడంతస్తులు లేచింది. నాయన బెంచీ చోట సిమెంటు బెంచీ ఉంది. ఒకరు బతికున్నారో లేదో తెలుసుకోవడానికి ఈ కాలంలో అరనిమిషం చాలు. ఆ కాలంలో నాలాంటి ఒక్క పిల్ల మధ్యలో నిలబడితే ఇద్దరు మనుషులు జన్మంతా ఒకరికొకరు లేకుండా పోయేవాళ్లు. పార్కు మాత్రం బాగుంది. పిల్లలు నవ్వుతున్నారు. అది ఇంకా బాధ.

ఉయ్యాల ఊపుతున్న ఆ అమ్మాయికి నేను చెప్పేశాను. ఎందుకో చెప్పాలనిపించింది. "ఆమె చావలేదమ్మా. పొన్నేరిలో వంట చేసుకుంటా ఉండేది. బావిలో పడిందని ఒక పిల్ల అబద్ధం చెప్పింది. ఆ పిల్లను నేనే."

ఆ అమ్మాయి గలగలా నవ్వింది. "పోండి ఆంటీ, భలే కథ చెప్తారు మీరు! చచ్చిపోకుండానే పేరంటాలు ఎట్లయితాది? మా అత్త కళ్లారా చూసింది. ఏటా ఆడి నెలలో ఒక శుక్రవారం ఆమే ముసలామె మాదిరి వస్తాదంట. మధ్యాహ్నం పూట. అదో, ఆ బెంచీ మీద కూచొని కాసేపు పిల్లోళ్లను చూస్తాది. పోతా పోతా గూట్లో ఉండే చీర ఎత్తుకొని పోతాది. ఎవురూ అడ్డం పోరు, మాట్లాడించరు. భయం కదా."

కథలో ఆ ముక్క నాది కాదు.

"ఏం చీర కట్టుకొని వస్తాది?" అన్నాను. 

"పచ్చదే. పోయినేడు ఎత్తుకొని పోయిందే కట్టుకొని వస్తాదంట."

ఆ రోజు శుక్రవారం. ఆడి నెలలో అదే ఆఖరిది. గూట్లో చీర మడత విప్పకుండా అట్లాగే ఉంది.

"ఈ ఏడు వచ్చిందా?"

"ఇంగా రాలేదు ఆంటీ" అంది ఆ అమ్మాయి, బిడ్డను దించుకుంటూ.

ఆఫీసులో గుమాస్తా భోజనం ముగించి ఉంటాడు. నేను వెళ్లి బెంచీ మీద ఒక చివరన, రెండో మనిషికి చోటు వదిలి, కూర్చున్నాను.